మామ కోరుకున్న పాత పటం

మా మామ పోయాడని సూర్యాపేట దవాఖాన నుంచి ఫోను వచ్చేసరికి నేను కోదాడలో, పనిచేసే కాలేజీ ల్యాబులో వైర్లు చుట్టి పెడుతున్నాను. ఫోను పెట్టేశాక కూడా కాసేపు అదే వైరు చుడుతూ ఉండిపోయాను. మామ అంటే మా అమ్మకు తమ్ముడు. నేరేడుచర్ల మార్కెట్లో ఆయన చేపలాయన. ఒకప్పుడు గొర్లు కాసిన మనిషని అక్కడ తెలిసినవాళ్ళు తక్కువ.

కృష్ణకు అడ్డంగా కట్ట కట్టి నీళ్ళు నిలిపినప్పుడు మామ ఊరు మునిగింది. గొర్లు మేసిన బీళ్ళూ మునిగాయి. ఊరివాళ్ళకు రోడ్డు పక్కన కాలనీ ఇచ్చారు. మేపడానికి జానెడు జాగా లేక మామ మందను అమ్మేసి పడవ కొన్నాడు. పోయి పోయి తన ఊరి మీదే వల వేశాడు. చేపల గుంపును కూడా మంద అనే అనేవాడు. "మంద గుట్ట పక్కకు మర్లింది" అంటే, చుట్టూ నీళ్ళే తప్ప నాకు ఏ గుట్టా కనిపించేది కాదు.

ఆదివారాలు నేను ఆయనతో పడవలో వెళ్ళేవాణ్ణి. నీళ్ళ నడుమ ఒకచోటికి రాగానే ఇంజను తగ్గించి ఒకసారి దగ్గేవాడు. ఎప్పుడూ అక్కడే. బీడీ దగ్గు అనుకుని నేను పట్టించుకోలేదు.

మునిగిన ఊరి మీద చేపలు బాగా పడతాయి, వలలూ అంతే బాగా తగులుకుంటాయి. గోడలు, చెట్ల మోళ్ళు, కరెంటు స్తంభాలు. వల ఇరుక్కుంటే మామ నడుముకు తాడు కట్టుకుని, కత్తి పట్టుకుని మునిగేవాడు. ఒకసారి అలా మునిగాడు. రెండుసార్లు గుంజితే నేను పైకి లాగాలి. తాడు రెండుసార్లు కదల్లేదు, ఊరికే వణికింది. లాగితే రాలేదు. నాకు ఈత వచ్చు కానీ కాలు కదలలేదు, తాడు పట్టుకుని అలాగే నిలబడ్డాను. చివరికి తేలాడు. చీలమండకు వల తాడు కోసుకుపోయి ఉంది. ఊపిరి తీసుకున్నాక నవ్వాడు. "బడి సూరుకు పడ్డదిరా. సదువుకునే నాడు బడికి పోకపోతిని, ఇప్పుడు గుంజుకున్నది."

ఆ సంగతి విన్న అత్త నవ్వలేదు. ఆయన ఇంకెప్పుడూ మునగకుండా ఏదో ఒకటి చెయ్యమని నాతో ఒట్టు వేయించుకుంది.

నేను ల్యాబు మనిషిని కనుక మిషన్ మీద పడ్డాను. నీళ్ళ కింద ఏముందో, పడవ ఎక్కడుందో చూపే ఫిష్ ఫైండర్ కావాలని సూర్యాపేటలో, మిర్యాలగూడలో అడిగితే మోటార్ల దుకాణాలవాళ్ళు బోరు ఎంత లోతని ఎదురడిగారు. ఆఖరికి కోదాడలో సీసీ కెమెరాలు అమ్మే ఆయన రెండు రకాలు తెప్పించాడు. ఒకటి లోతు మాత్రమే చూపేది, రెండోది పటం కూడా ఉన్నది. పటం కచ్చితంగా ఉండాలన్నది నా పట్టు. నాతో వచ్చిన మామ రెంటినీ షాపు బయటికి తెచ్చి, ఎండలో పట్టుకుని, ఏది కనిపిస్తుందో చూశాడు. తెర మీద చేప బొమ్మలు వస్తాయని షాపాయన చెబుతుంటే, "సేపను నేను ఎతుక్కుంట, నాకు గోడలు సూపెట్టు" అన్నాడు.

పటాన్ని మా దిక్కుకు జరిపి చూస్తే అక్కడ నీళ్ళే లేవు. కృష్ణ సన్నని గీతలా పోతోంది, ఊరు ఊరిలాగే ఉంది. మూడు వీధులు, బడి, బావి. షాపాయన నొచ్చుకున్నాడు. "ఇది బాగా పాత పటమండీ. వారం ఆగితే కొత్తది వేయించిస్తాను." మామ వేలు రెండో వీధి మీద ఆగింది.

"నీళ్ళు సూపెట్టే పటం నాకెందుకు? నీళ్ళు నాకు కనపడుతనే ఉన్నయి. గిదే ఉండనియ్యి."

నిజానికి ఆ తప్పు పటమే మాకు అక్కరకొచ్చింది. తెర మీద మా పడవ గుర్తు వీధుల్లో నడిచేది. బడి ఇటుంటే వల అటు వేసేవాళ్ళం. రెండేళ్ళు మామ మునగలేదు. ఆయన ఎక్కడ దగ్గుతాడో కూడా అప్పుడే తెలిసింది. రెండో వీధి చివర, సరిగ్గా ఆయన ఇంటి ముందు. అత్తనడిగితే చెప్పింది: "గొర్ల కాడికెల్లి వచ్చి గడప ముందల దగ్గేటోడు. దగ్గు ఇని నేను సెంబుతోని కాళ్ళకు నీళ్ళు తెస్తుంటి. గీ కాలనీల గేటే సప్పుడైతది, దగ్గుడెందుకు?"

ఆ తర్వాత నేను చేసిన పనికి ఇప్పటికీ నన్ను నేను క్షమించుకోలేను. మామను అడగకుండా, కొత్తదానిలో ఊరికి తోడు ఒడ్డూ కనిపిస్తుందని, మంచి చేస్తున్నాననుకుని, మిషన్‌లో పటం ఉండే కార్డును కాలేజీకి తెచ్చి పాతది తుడిచేసి కొత్త పటం ఎక్కించాను. ఒడ్డు గీత గీసినట్టు కుదిరింది. ఊరున్న చోట వట్టి నీలం. మామ వేలు తెర మీద తిరిగింది, ఎక్కడా ఆగలేదు. "మంచిగుంది. నీళ్ళు మంచిగ కొలిసిండ్రు" అన్నాడు. అంతే. తిట్టినా బాగుండేది. పాత పటం కోసం కోదాడ షాపు చుట్టూ ఎంత తిరిగినా దొరకలేదు. లోతు చూపే తెర పడవ కిందిది చూపుతుంది కానీ వల పడబోయే చోటు చూపదు. ఆ పాత పటం లేక మామ జ్ఞాపకం మీదే వల వేశాడు. "గొర్రె తొవ్వ మర్వదురా అల్లుడా" అనేవాడు. కానీ కొన్నిసార్లు వల తగులుకుంది, ఆయన మళ్ళీ మునిగాడు.

ఆ చలికాలం ఆయన దగ్గు పడవ దిగినా ఆగలేదు. బీడీలు తిన్న ఊపిరితిత్తులు, నీళ్ళకు సంబంధం లేదన్నాడు డాక్టరు. అత్తా అదే అంటుంది. నేను తల ఊపుతాను. ముక్కుకు, చేతికి గొట్టాలు పెట్టిన రోజు మామ నా చెయ్యి పట్టుకుని మెల్లగా అన్నాడు. "కత్తి తెచ్చినవారా? గీ వల కొయ్యి." నేను మళ్ళీ తాడు పట్టుకున్న రోజులాగే నిలబడ్డాను.

పెద్దకర్మ అయ్యాక అత్త, "నన్ను ఇంటిదాక తీస్కపో" అంది. నీళ్ళంటే భయపడి ఎన్నడూ పడవెక్కని మనిషి. దారిలో తాగడానికి స్టీలు చెంబులో నీళ్ళు తెచ్చుకుంది. పటం మార్చిన తర్వాత కూడా మామ అదే చోట దగ్గేవాడు, అప్పుడొకసారి ఆయన చూడకుండా నేను మిషన్ బటన్ నొక్కి ఆ చోటుకు గుర్తు పెట్టాను. తెరంతా నీలం, అందులో ఆ ఒక్క చుక్క. పడవ దాని మీదికి వచ్చాక ఇంజను ఆపాను. ఇదే ఇల్లని చెప్పబోతే ఇంజను పొగ గొంతుకు పడి దగ్గొచ్చింది.

అత్త నా వైపు చూడలేదు. మూత తీసి, నీళ్ళ చెంబును పడవ అంచున పెట్టి, ఎవరో లోపలికి వస్తున్నట్టు దారి విడిచి పక్కకు జరిగి కూర్చుంది.