సగంలో ఆగిన పూలగిన్నె

రెండు నెలలుగా ఫోన్‌లో వీడియోలు చూస్తూ ఇంట్లోనే పూల అలంకరణ నేర్చుకుంటున్నాను. పక్కింటి సుజాతక్క కూతురి నిశ్చితార్థానికి స్టేజీ మీద పూలు నేనే అమరుస్తానని అడిగితే, "ముందుగాల ఒకటి చేసి చూపియ్యి, తర్వాత చూద్దం" అంది. అందుకే ఈ రోజు పొద్దున్నే నారాయణఖేడ్ మార్కెట్‌కు వెళ్లి చామంతులు, బంతిపూలు తెచ్చి ఇత్తడి గిన్నెలో అమర్చడం మొదలుపెట్టాను. నచ్చక నాలుగుసార్లు పీకేశాను. ఐదోసారి సగంలో ఉండగానే అక్క వచ్చేసింది.

"ఇంక కాలేదక్కా! ఈ పక్క అంత ఖాళీ ఉంది, జర ఆగు" అన్నాను కంగారుగా.

ఆమె గిన్నె చుట్టూ ఒకసారి తిరిగి చూసింది. "ఏం ఆగుడే? గిట్లనే మంచిగుంది. ఒక్కొక్క పువ్వు కండ్లకు కనవడ్తుంది. స్టేజీ మీద గూడ గిట్లనే పెట్టు. ఇగ దాన్ని ముట్టకు!"

అలా నాకు మొదటి పని దొరికింది. సంతోషంగా కూర్చోవాలి కదా! ఆ ఖాళీ కనిపించినప్పుడల్లా చెయ్యి ఊరుకోవడం లేదు. ఆగలేనని తెలిసి, మిగిలిన పూలన్నీ అత్తమ్మకు దండ కట్టుకోమని ఇచ్చేశాను. ఇప్పుడు చూపు వాకిట్లోని గన్నేరు చెట్టు మీదికి పోతోంది.

నిజం చెప్పండి, మీరైతే ముట్టకుండా ఉంటారా?