నేను వెళ్ళని ఆఖరి కూత

ఆ రోజు కబడ్డీ ఫైనల్లో ఆఖరి కూతకు మా కాక నన్నెందుకు పంపలేదు? కాలేజీ రోజుల నుంచీ ఈ ప్రశ్న నాతోనే ఉంది. ఆయన్నే అడుగుదామని చాలాసార్లు అనుకున్నాను. ఇక ఆ వీలు లేదు. కరోనా రెండోసారి ముంచుకొచ్చిన ఏప్రిల్లో, కాక ఇక్కడే సూరత్‌లో, ఆసుపత్రిలో పోయారు. కబురు మా పాత జట్టు వాట్సాప్ గ్రూపులో వచ్చింది. హేతల్ గుజరాతీలో రెండు ముక్కలు రాసింది: "కాకా గయా."

కాక మాకు బంధువు కాదు. మా మహిళా కాలేజీ కబడ్డీ జట్టుకు దాడి నేర్పిన కోచ్. పట్టు నేర్పడానికీ, జట్టంతటికీ పెద్దగానూ హెడ్ కోచ్ సార్ వేరే ఉండేవారు. కాక పని ఒక్కటే: మధ్య గీత దాటి అవతలి వాళ్ళను తాకి, ఊపిరి తెగకుండా తిరిగి రావడం ఎలాగో చెప్పడం. జగిత్యాల దగ్గర పుట్టి, వ్యాయామ విద్యలో డిప్లొమా చేసి, మగ్గాల పనికొచ్చిన అన్నల వెనకే సూరత్ చేరారు. నాన్న తమ్ముణ్ణి మా ఇళ్ళల్లోనూ కాక అంటారు, గుజరాతీలూ కాకా అంటారు. అందుకని ఆ పిలుపు దగ్గర ఎవరికీ పేచీ రాలేదు.

పేచీ కూత దగ్గర వచ్చింది. ఆయన చేరిన కొత్తలో హేతల్ దాడికి వెళ్ళి, మధ్యలో "కబడ్డీ, కబడ్డీ" అనడం ఆపేసింది. కాక గీత బయట నుంచి "కూత! కూత!" అని అరిచారు. ఆ పిల్ల అక్కడే నిలబడిపోయింది. తర్వాత ఏడుస్తూ ప్రిన్సిపాల్ మేడమ్ దగ్గరికి వెళ్ళి, కోచ్ తనను "కుత్తీ" అన్నాడని చెప్పింది. జట్టులో తెలుగు వచ్చినదాన్ని నేనొక్కదాన్నే కాబట్టి నన్ను పిలిపించారు. కూత అంటే ఆపకుండా కబడ్డీ అనడమేనని చెప్పాను.

"మరి మీ భాషలో కుక్కను ఏమంటారు?" అని మేడమ్ హిందీలో అడిగారు.

"కుక్క."

మేడమ్ అనుమానం తగ్గలేదు సరికదా, కొంచెం పెరిగింది. ఇంకాసేపు సముదాయిస్తే గానీ వదల్లేదు. బయట కాక నిలబడి ఉన్నారు.

"ఏంది బిడ్డా, నా నౌకరి ఉన్నట్టా, ఊడినట్టా?"

"ఉంది కాకా."

"గట్లయితే ఆ పిల్లకు జెప్పు. కుక్కను గాదు, కోయిలను అన్న అని."

కోయిల్ అంటే హేతల్‌కూ తెలుసు. ముక్కు తుడుచుకుని నవ్వింది. తర్వాత జట్టంతా కూత అనే అన్నారు, గుజరాతీ పిల్లలతో సహా.

ఆయన మంచివాడే గానీ, తేలికైన మనిషి కాదు. ఎవరైనా తెలివితక్కువగా దొరికిపోతే ఆ పూటంతా వాళ్ళతో మాట్లాడేవారు కాదు. పట్టు ప్రాక్టీసు మొదలవగానే బుగ్గన లవంగం పెట్టుకుని చాయ్‌కి వెళ్ళిపోయేవారు. "గోడ కట్టుడు నా పని గాదు, దుంకుడే నా పని" అనేవారు. హెడ్ కోచ్ సార్‌కు అది నచ్చేది కాదు. మాతో ఎక్కువగా అన్న మాట: "ఊపిరి ఆపుడు గాదు బిడ్డా, జర జర వాడుకునుడు." తర్వాత నేను లెక్చరర్‌నై, మాస్కు వెనక నుంచి గంటసేపు ఎకనామిక్స్ పాఠం చెప్పాల్సి వచ్చినప్పుడు అది నాకు పనికొచ్చింది.

ఇక ఆ ఫైనల్. ఒక్క పాయింటు వెనకబడి ఉన్నాం, ఒక్క కూత మిగిలింది. పొద్దున సెమీఫైనల్లో నా మోకాలు మెలిపడింది. అయినా కట్టు కట్టుకుని ఆడుతున్నాను. టైమవుట్‌లో కాక నన్ను బయటికి పిలిచారు.

"నేను పోత కాకా. మోకాలు మంచిగనే ఉంది."

"కూసో."

"మంచిగుందంటున్న గద!"

"కూసోమన్న గద!"

హేతల్ వెళ్ళింది. ఒకరిని తాకింది. తిరిగి వస్తుంటే మడమ దొరకబుచ్చుకున్నారు. చెయ్యి చాచినా మధ్య గీత అందలేదు. ఓడిపోయాం.

ఆ ఏడాది సార్ రిటైరవుతున్నారు. హెడ్ కోచ్ పదవి కాకదేనని అందరూ అనుకున్నాం, కాక కూడా అనుకున్నారు. ఆ ఓటమి తర్వాత కాలేజీ బయటి మనిషిని తెచ్చుకుంది. కాక ఇంకొన్నాళ్ళు మాతో ఉండి, బార్డోలీలో ఒక కాలేజీకి, ఆ తర్వాత హజీరా వైపు ఒక కంపెనీ కాలనీ అమ్మాయిల జట్టుకు వెళ్ళారు. ఎక్కడికి వెళ్ళినా దాడి కోచే. ఎక్కడైనా పైన ఇంకొకరు ఉండేవారు.

మొదటి లాక్‌డౌన్‌లో ఆయన ఆ పిల్లలకు వీడియో కాల్‌లో కూత నేర్పుతుంటే, నన్నూ ఒకసారి రమ్మన్నారు. పిల్లలంతా డాబాల మీద నిలబడి కబడ్డీ, కబడ్డీ అంటున్నారు. ఎవరి గొంతో ఠక్కున ఆగిపోయేది. కాక ఫోనుకు చెవి ఆనించి, "నెట్ గయా కి కూత గయా?" అని అడిగేవారు. పిల్లలు ప్రతిసారీ "నెట్, కాకా, నెట్!" అనేవారు. క్లాసయ్యాక లైన్లో మేమిద్దరమే మిగిలాం. అడగవచ్చు. "నీ మీద నమ్మకం లేకుండె" అంటారేమోనని అడగలేదు. మళ్ళీ వేసవి వచ్చేసరికి ఆయన లేరు.

సంతాప సభ కూడా ఆన్‌లైన్లోనే జరిగింది. బాగా ముసలివారైన హెడ్ కోచ్ సార్ కాకను మెచ్చుకుని, చివర్లో హిందీలో అన్నారు: "ఆ ఫైనల్లో మాత్రం భయపడ్డాడు. అమ్మాయి మోకాలు నేను చూశాను, బాగానే ఉంది. మొహం చూసి, ఈమె వల్ల కాదనుకున్నాడు." నేను మైకు ఆపుకుని విన్నాను.

మర్నాడు కాక భార్యకు ఫోన్ చేశాను. చిన్నమ్మ అంది: "ఆ దినం మీ కాక బువ్వ గూడ తినలే. పిల్ల కాలు పోతే వాళ్ళ నాయినకు ఏం జెప్పాలె అన్నడు." మళ్ళీ తనే, "అన్నడో, నేనే అన్ననో బిడ్డా. గిన్నేండ్లాయె" అంది.

నా కాలి కోసం ఆయన తన పదవి పోగొట్టుకుని ఉంటే, ఈ పాటికి ఎన్నోసార్లు దండం పెట్టాల్సింది. భయపడి ఉంటే, అది కూడా మనుషులు చేసే పనే. ఒకరోజు ఒకటి నమ్ముతాను, ఇంకోరోజు ఇంకోటి.

ఆ రోజు హేతల్ గీత దాటుతున్నప్పుడు, నేను కూర్చున్న బెంచీ వెనక నిలబడ్డ కాక నా భుజం మీద చెయ్యి వేశారు. బరువైన చెయ్యి. హేతల్ కూత వినబడినంతసేపూ తియ్యలేదు. నేను లేవకుండా అదిమి పట్టారో, తాను నిలబడలేక ఆనుకున్నారో, నేనింకా తేల్చుకోలేదు.