బుడ్డలు ఒలిచిన బడి

మా నాన్న మంత్రాలయం దగ్గర ఒక చిన్న గుడిలో పూజారి. వరసగా వానలు లేక గుడి మాన్యం బీడుపడిన రోజుల్లో నాకు టీచరు ఉద్యోగం వచ్చింది. అందుకే ఆడపిల్లను ఒంటరిగా పల్లెకు ఎలా పంపేది అని ఇంట్లో ఎవరూ అనలేదు. ఆదోనిలో మా మేనత్త ఇంట్లో ఉండి రోజూ వెళ్ళివచ్చేదాన్ని. ఎమ్మిగనూరు బస్సు నన్ను రోడ్డు మీద దింపి పోయేది. అక్కడినుంచి నల్లరేగడి చేల మధ్య బండిబాటలో నడక. వాన పడితే ఆ మన్ను చెప్పుల్ని పట్టుకుని వదలదని అందరూ చెప్పేవాళ్ళు. నేనున్న కాలంలో ఆ బాధ పెద్దగా పడలేదు. డెబ్భైల చివరి మాట ఇది.

బడికి రెండు గదులు, ఇద్దరు టీచర్లం. పెద్దసారు రిటైరుమెంటుకు దగ్గరపడ్డ మనిషి. భార్య పోయాక ఆ ఊళ్ళోనే ఒక గది తీసుకుని వండుకు తింటూ ఉండేవారు. పిల్లల్ని కొట్టడం ఆయనకు చేతకాదు, అరవడం మాత్రం బాగా వచ్చు. మాతోపాటు వంట చేసే అవ్వ. ప్రభుత్వం పంపే ఎర్ర గోధుమరవ్వతో మధ్యాహ్నం ఉప్మా చేసి పెట్టేది. రవ్వలో పురుగులుండేవి, నూనె కంపు కొట్టేది. అయినా పొద్దు నడినెత్తికి రాకముందే పిల్లల చూపులు పలకలు వదిలి పొయ్యి వైపు తిరిగేవి. వాళ్ళు బడికి వచ్చేది ఆ ఉప్మా కోసమని పెద్దసారుకు తెలుసు. "దేనికొస్తేనేం తల్లీ, వచ్చి కూచుంటే నాలుగు అక్షరాలు చెవిలో పడతాయి" అనేవారు.

మూడో తరగతిలో ఒక పిల్ల చంకలో తమ్ముణ్ణి ఎత్తుకుని వచ్చేది. వాడు ఒళ్ళో పడి నిద్రపోతే లేచి నిలబడకుండానే పాఠం చదివేది. ఆ బక్క ఒంట్లో అంత గొంతు ఎక్కడ దాగి ఉందో! పక్క గదిలోని పెద్దసారు తన పాఠం ఆపి వినేవారు.

ఆ ఏడు బడి తెరిచినా రవ్వ మూటలు రాలేదు. పెద్దసారు ఆదోని ఆఫీసుకు పోయి అడిగి వచ్చారు.

"నిధులు తగ్గించినారంట. రవ్వ ఇంక రాదు. మళ్ళీ ఎప్పుడని అడిగితే, మాకేం తెలుసు అంటాండారు" అన్నారు.

మర్నాడు మధ్యాహ్నం పిల్లలు అలవాటు ప్రకారం తినే తట్టలు పట్టుకుపోయి పొయ్యి ముందు వరసగా కూర్చున్నారు. అవ్వ పొయ్యి వెలిగించలేదు. "ఇండ్లకు పోండి నాయనా" అని వాళ్ళ మొహం చూడకుండా చెప్పింది. పోయినవాళ్ళలో చాలామంది ఆ పూట తిరిగి రాలేదు. రోజులు గడిచేకొద్దీ పొద్దున కూడా రావడం మానేశారు. తమ్ముణ్ణి ఎత్తుకొచ్చే పిల్ల కూడా కనబడకపోయేసరికి నేను వాళ్ళింటికి పోయాను. తల్లి కూలికి బయల్దేరుతోంది.

"సదువు వద్దని కాదు టీచరమ్మా. ఆడ ఇంత పెడతాంటిరి కాబట్టి ఇద్దర్నీ పంపితి. ఇప్పుడు మధ్యాన్నం పూట ఈళ్ళకు యాడ తెచ్చి పెట్టల్ల? గొర్రెలెంట పోతే వాళ్ళన్నా ఇంత సద్ది పెడతారు."

నేను బడికి తిరిగి వచ్చాను.

దారి చూపింది అవ్వే. "ఇంటికి పిడికెడు జొన్నలు అడుగుదాం తల్లీ. పిండి ఇసురుకునేటప్పుడు పిడికెడు పక్కకు తీస్తే ఎవురి కడుపూ మాడదు" అంది. గంప పట్టుకుని ముగ్గురం ఊరంతా తిరిగాం. "సర్కారోళ్ళు మానేస్తే మా మీద పడతిరా సారూ!" అని కసురుకుంటూనే గింజలు పోశారు. ఊరి బయటి వాడలో కూడా అడిగాం, వాళ్ళూ పోశారు. అన్నీ ఒకే గంపలో కలిశాయని తెలిసి పెద్ద ఇళ్ళవాళ్ళు గింజలైతే ఆపలేదు గానీ, తమ పిల్లల్ని మధ్యాహ్నం ఇళ్ళకు పిలిపించుకోవడం మొదలుపెట్టారు. "పోనీలే, తినేవాళ్ళకు ఇంకో ముద్ద ఎక్కువొస్తాది" అనేది అవ్వ.

సంగటి ముద్ద, పైన కాస్త గోంగూర ఊరిమిండి, మా వైపు పచ్చడికి ఆ మాటే. పిల్లలు మళ్ళీ వచ్చారు. మా నాన్న ఒకరోజు చెప్పాపెట్టకుండా బియ్యం సంచి భుజాన వేసుకుని బస్సు దిగి, ఆ బండిబాట వెంట నడిచి వచ్చాడు. ఆ రోజు పిల్లలు తెల్లన్నం తిన్నారు. పోతూ పోతూ నన్ను పక్కకు పిలిచి, "ఇంక అడగొద్దమ్మా. దేవుడికే కొలిచి వండుతున్నాం" అన్నాడు.

శ్రావణం పోయింది, భాద్రపదం పోయింది. ఆకాశం మబ్బు పట్టేది, గాలి వచ్చి తోసుకుపోయేది. జొన్న మోకాలెత్తున ఎండిపోయి పశువుల మేతకైనా పనికిరాకుండా పోయింది. ఇళ్ళల్లో పిడికెడు సగమైంది, తర్వాత చిటికెడు. ఒక ముసలామె మాటతో చెప్పలేక కుండ తెచ్చి మా ముందు బోర్లించి చూపించింది. మరికొన్ని రోజులకు మమ్మల్ని చూసి తలుపులు దగ్గరికి వేయడం మొదలైంది. అవ్వ గంప బడిలో ఓ మూల పెట్టేసింది.

"ఇంక పోవద్దు తల్లీ. ల్యాదని సెప్పేదానికి వాళ్ళకు సిగ్గయితాంది."

దసరా అయ్యాక పెద్దసారూ నేనూ ఆదోని మార్కెట్టుకు పోయాం. నూనె మిల్లులు, పత్తి మండీలు, పప్పుల అంగళ్ళు, ఎక్కని మెట్టు లేదు. కొందరు దేవుడి పటానికి దండం పెట్టుకుంటూ మమ్మల్ని చూడనట్టే ఉండిపోయారు. కొందరు వచ్చే వారం రమ్మన్నారు. పెద్దసారు ఉతికిన పంచె కట్టుకుని వచ్చారు, సాయంత్రానికి అది దూది దుమ్ముతో మాసిపోయింది. చివరకు బుడ్డల మండీ సాహుకారి ఒకాయన మమ్మల్ని కూర్చోబెట్టి టీ తెప్పించాడు. బుడ్డలంటే మా వైపు వేరుశనగ కాయలు. చెప్పిందంతా విన్నాడు.

"సందాలిచ్చే కాలమా సార్ ఇది? సందా అంటే ఒక తూరి ఇస్తాం, మర్చిపోతాం. నేను దినామూ జరిగే దారి చెప్తా" అన్నాడు. "కాలవ కింది రైతులు రెండో పంటకు విత్తనం అడుగుతాండారు. మిషన్‌కు వేస్తే పప్పు చీలిపోతాది. చేత్తో ఒలిచే మనుషులు నాకు దొరకడంల్యా. మీ బడికి బస్తాలు పంపిస్తా, పిల్లోల్లతో ఒలిపించండి. వాళ్ళ తిండికి జొన్నలు నా పూచీ."

నేను పెద్దసారు మొహం చూశాను. ఆయన టీ గ్లాసులోకి చూస్తున్నారు. లేచి బస్టాండుకు నడిచాం.

"బడిలో కూలిపనా సార్?" అన్నాను.

"ఇంటికాడుంటే కూలికి పోరా? గొర్రెలెంట పోరా?" గట్టిగా అని, వెంటనే గొంతు తగ్గించారు. "ఈడైతే ఒక పూట పని చేసి ఒక పూట సదువుకుంటారు. నీకు ఇంకో దారి కనబడితే చెప్పు తల్లీ, ఇప్పుడే పోయి వద్దని చెప్పొస్తా."

నాకు ఇంకో దారి కనబడలేదు.

తల్లిదండ్రులు ఒప్పుకున్నారు. బస్తాలు దిగాయి. పొద్దున చదువు, మధ్యాహ్నం సంగటి, ఆ తర్వాత పొద్దు వాలేదాకా ఒలుపు. సాహుకారి తన గుమాస్తాను కాపలా పెట్టాడు. కాయలు తడిపితే విత్తనం చెడుతుందని నీళ్ళు తగలనిచ్చేవాడు కాదు. ఎండుకాయను బొటనవేలితో నొక్కి నొక్కి పిల్లల గోళ్ళ పక్కన చర్మం చీలింది. పొద్దున బలపం పట్టుకోమంటే పట్టుకోలేకపోయేవాళ్ళు. అవ్వ ఆముదం రాసేది.

అంతకన్నా కష్టం, ఒలిచిన పప్పు తినకుండా ఉండటం. ఆకలి మీదున్న పిల్లల ముందు అంత పప్పు కుప్ప పోసి ముట్టొద్దనాలి. తూకం తగ్గుతోందని గుమాస్తా గొడవపెట్టి, తనే ఒక ఉపాయం చెప్పాడు. "ఎక్కాలు చెప్పించండి సార్, గట్టిగా. నోరు ఆడుతాంటే నమిలేదానికి కుదరదు." దారిన పోయేవాళ్ళకు అది బడి చప్పుడే. తమ్ముణ్ణి ఎత్తుకొచ్చే పిల్ల గొంతే అందరికన్నా పైన వినబడేది, తక్కినవాళ్ళు అందుకునేవాళ్ళు.

ఒకరోజు ఆ చిన్నవాడు పాకుతూ పోయి గుప్పెడు పప్పు నోట్లో వేసుకున్నాడు. గుమాస్తా వాడి దవడలు పట్టుకుని వేలితో లోపలున్నదంతా గీకి తీశాడు.

"పసిపిల్లోడు, వదిలెయ్యప్పా!" అన్నాను.

"పసిపిల్లోడే. వాణ్ణి చూసి తక్కినోళ్ళు మొదలుపెడతారు గదమ్మా. సావుకారికి నేనేం జవాబు చెప్పల్ల?"

అక్క లేచి వచ్చి తమ్ముడి వీపు మీద ఒకటి వేసింది. వాడు ఏడుస్తుంటే ఒళ్ళో వేసుకుని, తను ఆపిన ఎక్కం దగ్గరినుంచి మళ్ళీ అందుకుంది. నేను బయటికి వచ్చి గోడ పక్కన నిలబడ్డాను. అవ్వ నన్ను చూసి, మళ్ళీ కట్టెలు సర్దడంలో పడింది.

కొన్నాళ్ళకు ఆ పిల్ల తల్లి బడికి వచ్చింది. గడపలో నిలబడి చాలాసేపు చూసి, గుమాస్తాను పిలిచింది.

"బస్తా ఒలిస్తే సావుకారి బయటోళ్ళకు ఎంతిస్తాడన్నా?"

అతను చెప్పాడు. ఆమె పెద్దసారు వైపు తిరిగింది. ఆ గొంతులో కోపం లేదు.

"ఇదే పని ఇంట్లో కూసోని చేస్తే ఆ కూలి మా సేతికే వస్తాది గదా సారూ. నడాన బడి ఎందుకు?"

పెద్దసారు పక్కనున్న పలక తీసి తుడవసాగారు.

ఆ వారంలోనే బస్తాల బండి బడి దాటి ఊళ్ళోకి పోయి ఇంటింటి ముందు ఆగింది. సాహుకారికి జొన్నల ఖర్చు తప్పింది, ఇళ్ళవాళ్ళకు కూలి వచ్చింది. బడి ఖాళీ అయింది. ఒక మధ్యాహ్నం వీధిలో నడుస్తుంటే అరుగుల మీద ఒలుస్తున్న పిల్లలు అలవాటు కొద్దీ ఎక్కాలు చెప్పుకోవడం వినబడింది. ఆ తర్వాత అదీ లేదు. పెద్దసారు పలక చంకలో పెట్టుకుని అరుగు అరుగుకూ పోయేవారు. కూర్చుని తనూ కాయలు ఒలుస్తూ, ఆ ఒలిచిన వేళ్ళతోనే పలక మీద రాసి చూపేవారు. పిల్లలు చూసేవాళ్ళు. పెద్దవాళ్ళు, "సారూ, పొద్దు పోతాంది, పని కానీండి" అనేవాళ్ళు.

విత్తనం వేసే అదను దాటగానే బస్తాలు రావడం ఆగిపోయింది. ఊళ్ళో ఇక ఏ పనీ లేదు. జనం సుగ్గికి బయల్దేరారు. సుగ్గి అంటే కన్నడదేశంలో పంట నూర్పిళ్ళు, మా ఊళ్ళల్లో వలసకు కూడా అదే మాట. తెల్లవారుతూనే లారీ వచ్చి ఊరి ముందు నిలబడింది. కుండలు, చాపలు, మేకపిల్లలు, మనుషులు ఎక్కారు. మా బడి పిల్లలందరూ దాదాపు అందులోనే ఉన్నారు. పెద్దసారు లారీ చుట్టూ తిరుగుతూ ఒక్కొక్కరినీ బతిమాలారు.

"పిల్లోల్లనన్నా వదిలిపెట్టి పోండప్పా! నేను సూసుకుంటా."

"ఏం పెట్టి సూసుకుంటావు సారూ?" అంది ఆ పిల్ల తల్లి, పై నుంచి.

ఆ పిల్ల మూటల మీద కూర్చుని ఉంది. నన్ను చూసి లేచి నిలబడి, బడిలో లాగా నమస్కారం పెట్టింది. లారీ కదలగానే తూలి కూలబడింది. చూసి చుట్టుపక్కలవాళ్ళు నవ్వారు, తనూ నవ్వింది.

పిల్లలు లేని బడికి ఇద్దరు టీచర్లెందుకని ఒక పోస్టు తీసేశారు. నన్ను ఎమ్మిగనూరుకు బదిలీ చేశారు. పెద్దసారు ఒక్కరే ఆ రెండు గదుల్లో ఉండి అక్కడే రిటైరయ్యారు. అవ్వ కూతురింటికి పోయింది, ఆ తర్వాతి సంగతి నాకు తెలియదు. కొన్నేళ్ళకు మళ్ళీ బడుల్లో అన్నం పెడతామన్నారు. పెట్టారు. మళ్ళీ ఆపారు.

ఎనభైలు సగం గడిచాక, ఒక సంత రోజు ఎమ్మిగనూరు బస్టాండులో నిలబడి ఉన్నాను. చంకలో బిడ్డ, నెత్తిన మూటతో ఒక అమ్మాయి వచ్చి, "అక్కా, ఇది కోడుమూరు బస్సేనా?" అని అడిగింది. ఆ గొంతు వినగానే తలెత్తాను. బస్సు బోర్డు మా ఇద్దరి ముందే పెద్ద అక్షరాలతో ఉంది.

తనూ నన్ను పోల్చుకుంది. "మా బడి టీచరమ్మవు గదా!" అని మొహమంతా నవ్వింది. పెళ్ళయిందని, కోడుమూరు దగ్గర ఇచ్చారని, మొగుడితో కలిసి ఏటా సుగ్గికి పోతుంటారని గబగబా చెప్పింది. నేను బోర్డు వైపు చూడటం గమనించి, కాస్త సిగ్గుపడింది.

"అన్నీ మర్చిపోతి టీచరమ్మా. ఎప్పుడూ డ్రైవర్ను సూసి ఎక్కుతాంటి. ఈయాల డ్రైవరు మారినాడు."

"ఈ బస్సే, ఎక్కు" అన్నాను.

మూట అందుకుని పైకి ఇచ్చాను. కిటికీ పక్కన సీటు దొరికింది ఆమెకు.