అత్తయ్య పట్టుకున్న ఐసు రెక్క

ఎనభైల మొదట్లో మేము విదేశంలో, నోవై అనే ఊళ్లో ఉండేవాళ్లం. మావారు కార్ల కంపెనీలో ఇంజనీరు. ఆ ఏడు అత్తయ్యగారు కాకినాడ నుంచి వచ్చి ఆరు నెలలు మాతో ఉన్నారు. తొలి మంచు పడ్డప్పుడు కిటికీలోంచి చూసి, "బాగుంది. చూడ్డానికి బయటికెళ్లక్కర్లేదు కదా" అన్నారు. అప్పట్నుంచి ఆదివారం ప్రార్థనకి తప్ప గడప దాటలేదు.

జనవరిలో ఒక శనివారం, పక్క ఊరి పార్కులో ఐసుతో బొమ్మలు చెక్కుతున్నారని మావారు చెప్పారు. ఆవిడ రారనే అనుకున్నాను.

"ఐసుతోనా?" అని లేచి కూర్చున్నారు.

చనిపోయిన మామయ్యగారు పాతికేళ్లు ఐసు ఫ్యాక్టరీలో పనిచేశారు. రోజూ మధ్యాహ్నం ఆయనకి క్యారియర్ పట్టుకెళ్లింది ఈవిడే.

చీర మీద మావారి పాత కోటు, కాళ్లకి రెండు జతల మేజోళ్లు, నా బూట్లు వేసి తీసుకెళ్లాం. పార్కులో అడుగుపెట్టగానే ముగ్గురం ఆగిపోయాం. దారికి రెండువైపులా గాజులా మెరిసే గుర్రాలు, చేపలు, నా తలకంటే ఎత్తున ఒక చర్చి గోపురం. అవతల నిలబడ్డ పిల్లల ఎర్ర టోపీలు గుర్రం పొట్టలోంచి కనిపిస్తున్నాయి. నేను గోపురం చుట్టూ తిరిగి చూశాను. అత్తయ్య మాత్రం ఇంకా చెక్కని ఒక దిమ్మ దగ్గరికెళ్లి వంగి చూశారు.

"అమ్మాయ్, దీని నడుమ తెలుపేదీ? మన దిమ్మలకి మధ్యలో పాలు పోసినట్టుండేది. ఆయన్నడుగు."

పక్కనే కొంగను చెక్కుతున్న పెద్దాయన్ని అడిగాను. ఉలి ఆపి చెప్పాడు. గడ్డకట్టేటప్పుడు నీళ్లని కదుపుతూనే ఉంటారట. కదిలే నీళ్లలో గాలి చిక్కుకోదు. ఆ తెలుపంతా గాలేనట.

"గాలా!" అత్తయ్య నోటిమీద చెయ్యేసుకున్నారు. "మీ మామయ్య ఉప్పనుకునేవారే!"

అంతలో టప్పుమని కొంగ రెక్క విరిగి మంచులో పడింది. చుట్టూ ఉన్నవాళ్లం అయ్యో అన్నాం. ఆయన తొణకలేదు. విరిగిన అంచులు రెండూ నున్నగా గీకి, తడిచేసి, రెక్కని మళ్లీ చోటున పెట్టాడు. పట్టుకోవడానికి మనిషి కావాలని నావైపు చూశాడు. నేను కదిలేలోపే అత్తయ్య చేతులు రెక్క కింద ఉన్నాయి.

"నువ్వుండు. జారుతుంది, నీకు చేతకాదు."

ఆయన అతుకు చుట్టూ తడి మంచు మెత్తుతున్నంతసేపూ ఆవిడ రెప్ప వెయ్యలేదు. చాలని ఆయన తలూపాక ఒక్కో వేలూ వదిలారు. రెక్క నిలిచింది. మబ్బు విడి ఎండ పడేసరికి కొంగంతా లోపలినుంచి వెలిగినట్టైంది. అతుకెక్కడో మాకు కనపడలేదు.

"మేకు లేదు, జిగురు లేదు," అన్నారు మెల్లగా. "ఒట్టి నీళ్లేనే!" చేతితొడుగు తీసి, ఆ రెక్కని మునివేళ్లతో తడిమారు.

గంట గడిచేసరికి నాకు కాళ్లు మొద్దుబారాయి. ఇంటికి పోదామన్నాను.

"నువ్వు కార్‌లో కూర్చో. అటువైపు వరస నేనింకా చూడలేదు," అని ముందుకు నడిచారు. మేమిద్దరం ఆవిడ వెనకాలే వెళ్లాం.