మిరపగోడౌనులో తొలి ఆట

నా బేరాలన్నిట్లోకీ గొప్పది ఎనిమిదో ఏట చేశాను: దసరాకి కుట్టించిన పట్టులంగా ఇచ్చి సినిమాకి వెళ్లాను.

మొన్న గుంటూరులో పెళ్లికి వెళితే, కల్యాణమండపంలో మిరప ఘాటు తగిలి అది గుర్తొచ్చింది. ఆ భవనం మొదట పత్తిమిల్లు, తర్వాత మిరపకాయల గోడౌను. ఎనభైల్లో మా కొట్టు పక్కింటి సరళ వాళ్ల నాన్న దాన్ని సినిమాహాలు చేశాక, కుళ్లుతో నాకు అన్నం సయించలేదు.

"నీ పక్క కుర్చీ నాకివ్వవే."

"పట్టులంగా ఇస్తావా మరి?" అంది సరళ.

"సోడా కూడా ఇప్పిస్తేనే!"

తొలి ఆటకి ఫ్యాన్లు వేయగానే దూలాల మీది మిరపదుమ్ము హాలంతా రాలింది. తుమ్ముతూ జనం బయటికి పరిగెత్తారు. "మా నాన్న పనైపోయిందే!" అని సరళ ఏడుస్తుంటే, కళ్లు మండుతున్నా నాకు లోపల చల్లగా అనిపించింది.

నిజంగా లెక్క తేలిస్తే, లంగా పోయింది, సినిమా దక్కలేదు. మిగిలింది ఆ చల్లదనమొక్కటే. అదీ ఇల్లు చేరేదాకా నిలవలేదు.