నడి సముద్రంలో బోధన్ దర్జీ

బెన్‌హర్‌కు ఈత రాదు. ఆ సంగతి గోవా ఒడ్డు దాటకముందే వసుధక్కకు చెప్పాడు. ఆమె నవ్వలేదు.

"నడి సముద్రంల ఈత వచ్చినా ఎటు పోతవు? పడవకు తగిలించే నడుము బెల్టు ఇప్పకు, సాలు," అంది.

ధైర్యం చెప్పాననుకుంది. ఆ మాటతోనే అతనికి వారం రోజులు కంటి మీద కునుకు లేకుండా పోయింది.

బెన్‌హర్ బోధన్‌లో చెరుకు లారీలకు, ట్రాక్టర్లకు తాడ్పత్రులు కుట్టిన దర్జీ. ఆ పని తగ్గిపోయాక గోవాలో పడవలు బాగుచేసే ఒక షెడ్డులో చేరి, ఏడేళ్లుగా తెరచాపలు కుడుతున్నాడు. చాప అంటే అతనికి నేల మీద పరుచుకున్న గుడ్డ, అంతే. వసుధక్కది బోధన్‌కు అంత దూరమేమీ కాదు, మహారాష్ట్ర సరిహద్దు అవతల ధర్మాబాద్. ఒకరి పడవలను ఒక దేశం నుంచి ఇంకో దేశానికి చేర్చడం ఆమె పని. ఆ ఏప్రిల్ చివర్లో ముప్పై ఆరు అడుగుల తెరచాప పడవ ఒకటి మారిషస్ చేర్చాలి. తోడు రావలసిన మనిషికి కామెర్లు వచ్చాయి. వానాకాలం తరుముకొస్తోంది.

"నువ్వు నడుపుడు ఏం లేదు బెన్‌హర్. నేను పండుకున్నప్పుడు కండ్లు తెరుసుకొని కూసుంటే సాలు. చాప పాతది. చినిగితే కుట్టేటోడు కావాలె."

ఆ షెడ్డుకు వచ్చేవాళ్లలో అతనితో తెలుగు మాట్లాడే మనిషి ఆమె ఒక్కతే. కాదనడానికి నోరు రాలేదు. బోధన్‌లో ఉన్న భార్య ఎస్తర్‌కు ఫోన్ చేసి చెప్పాడు.

"ఎంత పెద్దగుంటది ఓడ?" అని అడిగింది ఎస్తర్.

"మన చర్చి వరండా అంత."

"ప్రార్థన చేస్త," అని ఫోన్ పెట్టేసింది.

మొదటి నాలుగు రోజులు వాంతులతోనే సరిపోయింది. అయిదో రోజు లేచి వంట మొదలుపెట్టాడు. స్టవ్వు పడవతో పాటు ఊగేది. కుక్కర్ జారకుండా తాడుతో కట్టి, మంచినీళ్లు పొదుపు చేయడానికి కొంచెం సముద్రపు నీళ్లు కలిపి అన్నం వండేవాడు. అన్నం, మామిడికాయ తొక్కు, వారానికోసారి పప్పు. మూడు గంటలు ఆమె మేలుకుంటే, మూడు గంటలు అతను. దారి పట్టి పడవను దానంతటదే నడిపే యంత్రం ఉంది గాని, దాని మీద అతనికి నమ్మకం లేదు. ఆమె లోపల పడుకోగానే చుక్కాని పక్కన ముడుచుకుని కూర్చుని, చుట్టూ నీళ్లను చూడకుండా దిక్సూచి వైపే చూసేవాడు. కింద నాలుగు కిలోమీటర్ల లోతు ఉందని ఆమె ఒకసారి మాటవరసకు అంది. బోధన్ నుంచి పక్క ఊరికి నడిచిపోయేంత దూరం, నిట్టనిలువుగా కిందికి. ఆ లెక్క తలలోంచి పోలేదు.

పద్నాలుగో రోజు భూమధ్యరేఖ దగ్గర గాలి పూర్తిగా పడిపోయింది. మధ్యాహ్నం మూడింటికి దక్షిణాన ఆకాశం నల్లబడింది. చాప దించడానికి వసుధక్క తెరచాప కొయ్య దగ్గరికి పోయింది. ఆమె చేరేలోపే గాలివాన మీద పడింది. పడవ ఒక పక్కకు ఒరిగిపోయింది. పర్రుమని చాప చినిగిన చప్పుడు అయింది. తాడు చేతికి చుట్టుకుని గుంజడంతో ఆమె కుడి మణికట్టు విరిగింది. ఒంటిచేత్తో పాక్కుంటూ వెనక్కి వచ్చింది.

"బెన్‌హర్, నువ్వే పోవాలె. చాప దించకపోతే కొయ్య ఇరుగుతది."

"నాతోని కాదక్క."

ఆమె అరవలేదు. వేలాడుతున్న చెయ్యి ఎత్తి చూపించింది. "సూడు," అంది.

కొయ్య దాకా అయిదారు అంగలు. బోర్లా పడుకుని పాకాడు. సగం దూరంలో బెల్టు కొక్కెం ఒక తాడు నుంచి తీసి ఇంకో తాడుకు తగిలించాలి. తీసిన క్షణంలో అల వచ్చి మీద పడింది. ఏది ఆకాశమో ఏది నీళ్లో తెలియలేదు. దొరికిన ఇనుప కడ్డీని రెండు చేతులతో కావలించుకుని, "ప్రభువా, ప్రభువా" అని ఏడ్చాడు. నీళ్లు జారిపోయాక కొక్కెం తగిలించి, కొయ్య దగ్గర ముడి విప్పాడు. చాప మొత్తం తడిసి బరువెక్కి అతని మీదే కూలింది. దాన్ని కట్టేసి వెనక్కి వచ్చేసరికి పళ్లు టకటక కొట్టుకుంటున్నాయి.

గాలివాన పోయాక ఆమె చేతికి రెండు చెక్క గరిటెలు పెట్టి గుడ్డతో బిగించి కట్టాడు.

"ఇంజన్ మీద పోదామా అక్క?"

"డీజిల్ రెండొందల మైళ్లకే వస్తది. ఇంకా పదమూడు వందలున్నయి. పెద్ద చాప లేకుండ, ముందరి చిన్న చాప ఒక్కదానితోని ఎదురుగాలికి పోలేం."

లోపల గది నిండా చాప పరిచాడు. మనిషి పొడుగుకు రెండింతల చినుగు. అరచేతికి తోలు పట్టీ, దబ్బనం, మైనం పూసిన దారం. కుడుతున్నంతసేపు చేతులు వణకలేదు. దబ్బనం కింద పెట్టగానే వణుకు మళ్లీ మొదలయ్యేది. అందుకని అన్నానికి తప్ప లేవలేదు. రెండున్నర రోజులు పట్టింది. రెండో రోజు దారం కొరుకుతూ అడిగాడు.

"నీకు భయం కాదా అక్క?"

"అయితది. రోజు అయితది. ఎవ్వలకు చెప్ప."

ఆమెకు భయం లేదన్న నమ్మకంతోనే అన్నాళ్లు నెట్టుకొచ్చాడు. అది కూడా పోయింది. అరగంట దాకా దారం దబ్బనంలోకి ఎక్కలేదు.

కుట్టిన చాప నిలబడింది. ఆ తర్వాత బలం కావలసిన ప్రతి పనికీ అతనే పాకుతూ పోవలసి వచ్చింది. ఆమె వెనక నుంచి చెప్పేది. ఒక్కసారి కూడా అతను భయం లేకుండా పోలేదు. ముప్పై నాలుగో రోజు పొద్దున మారిషస్ కొండలు కనిపించాయి. రేవులో దిగి నాలుగడుగులు వేసి, సిమెంటు నేల మీద కూలబడ్డాడు. నేల ఊగుతోంది.

వైద్యుడు విరిగిన చేతికి కట్టు కట్టి పంపాక వసుధక్క వచ్చి పక్కన కూర్చుంది.

"ఇంకోసారి వస్తవా?"

"రానక్క."

"మంచిది," అంది ఆమె. "వస్త అంటే అబద్ధమనుకుంటుంటి."

విమానంలో హైదరాబాద్, అక్కడి నుంచి బోధన్. మూడు వారాలు స్నానం చేసేటప్పుడు గోడ పట్టుకున్నాడు. నిద్రలో మంచం కోడు పట్టుకునేవాడు. ఎస్తర్ ఒకనాడు పొద్దున ఆ వేళ్లు విప్పుతూ, "బాగ భయమైందా?" అంది.

"ఇంకా అయితనే ఉంది," అన్నాడు.

తర్వాత గోవా షెడ్డుకే తిరిగి వెళ్లాడు. పడవ ఎక్కడు. కానీ వసుధక్క చాప ఎత్తి బయలుదేరిన ప్రతిసారీ, ఆమె అవతలి ఒడ్డు చేరి ఫోన్ చేసేదాకా అతనికి ముద్ద గొంతు దిగదు.