కరెంటు పోతే పలకాల్సిన పేరు

ఇళ్లకు బుద్ధి నేర్పడం మా ఇద్దరి పని. గదులు వెచ్చబడడం, గేటు తెరుచుకోవడం, బావి మోటారు తిరగడం, అన్నీ చెప్పినట్టు వినేలా తీగలు లాగుతాం. అసలు పని అది కాదంటాడు ఓముర్‌జాక్. "కరెంటుంటే గాడిద కూడా గుర్రంలాగే పరిగెడుతుందిరా కుబాత్. పోయినప్పుడు కదా తెలిసేది!"

కొండల నడుమ ఉన్న మా కరాకోల్ ఊళ్లో చలికాలం కరెంటు చెప్పాపెట్టకుండా పోతుంది. అందుకని అమర్చడం పూర్తయిన ప్రతి ఇంట్లోనూ ఆయనే మీటరు దగ్గరికి వెళ్లి కరెంటు తీసేస్తాడు. ఇంటివాళ్లను నిలబెట్టి, "ఊఁ, ఇప్పుడు బతకండి చూద్దాం" అంటాడు. అరగంటసేపు ఏది ఆగిందో, ఏది నిలిచిందో చూస్తాడు. ఆ అరగంటా వాళ్ల సణుగుడు నా చెవిన పడుతుంది. పదిహేనేళ్లుగా ఆయనకు నిచ్చెన పట్టుకుంటున్నది నేనే మరి.

కుర్రతనంలో కొండమీద కరెంటు లైన్లు బాగుచేసేవాడు. మంచుకు ఎడమచేతి రెండు వేళ్లు పోయాయి. ఆ సంగతి అడిగితే, "రెండే కదా" అంటాడు. మనిషి అంతే. పెద్దగా నవ్వడు, పెద్దగా ఏడవడు. భార్య పోయిన మూడో రోజు దుకాణం తెరిచి, నన్ను టీ పెట్టమన్నాడు.

రెండేళ్ల కిందట అక్‌సూ ఊరి నుంచి ఎసెన్ అనే అతను కబురు పెట్టాడు. వాళ్ల నాన్న తష్తాన్ ఊపిరితిత్తులు పాడైపోయి, రాత్రీ పగలూ ఆక్సిజన్ మిషను మీదే బతుకుతున్నాడు. కరెంటు పోయినా ఆ మిషను ఆగకూడదు. మమ్మల్ని పిలిచింది అందుకే.

ఓముర్‌జాక్ లెక్క తేలికైనదే. కరెంటు పోగానే గదుల హీటర్లు వాటంతటవే ఆరిపోవాలి. అప్పుడు బ్యాటరీ బలమంతా మిషనుకే దక్కుతుంది. ముసలాయన వినలేదు. మాటమాటకూ ఆయాసపడుతూనే గదమాయించాడు.

"నా ఇంట్లో... నేను చెప్పకుండా... ఏదీ ఆరడానికి వీల్లేదు!"

"సరే అకే," అన్నాడు ఓముర్‌జాక్, పెద్దవాళ్లను మేం పిలిచే పిలుపుతో. "అయితే ఏదో ఒక మాట చెప్పండి. ఆ మాట వింటేనే ఆరేలా పెడతాను."

"నా పేరే పెట్టు. నా ఇల్లు నా పేరుకు లొంగకపోతే... ఇంకెవడి పేరుకు లొంగుతుంది?"

ఎసెన్ నవ్వాడు, నేనూ నవ్వాను. ఓముర్‌జాక్ తల ఊపి, గోడమీది పెట్టెకు ఆ పేరు నేర్పాడు. కరెంటు పోయాక ఎవరో ఒకరు తష్తాన్ అని పలకాలి. పలకకపోతే హీటర్ల బరువుకు బ్యాటరీ కాసేపట్లో చేతులెత్తేస్తుంది, మిషను కూడా ఆగిపోతుంది. పెట్టెకు మాత్రం లోపల సొంత చిన్న బ్యాటరీ ఉంది, ఆలస్యంగా విన్నా హీటర్లు ఆర్పి మిషనును మళ్లీ తిప్పగలదు. చేత్తో తిప్పే స్విచ్చి బ్యాటరీల కొట్టంలో ఉంది. కొట్టం తాళంచెవి ఎసెన్ జేబులో ఉంటుంది.

పద్ధతి ప్రకారం కరెంటు తీశాడు. ముసలాయన పలికాడు, హీటర్లు ఆరాయి. ఎసెన్ పలికాడు, ఆరాయి. ఆ సమయంలో ఎసెన్ భార్య జూరా వంటింట్లో మా కోసం బోర్సోక్‌లు వేయిస్తోంది. నూనె వాసన కమ్మగా వస్తోంది. ఆమెను పిలవాలని ఎవరికీ తోచలేదు. పగలంతా ఆ ముసలాయన దగ్గర ఉండేది ఆమే!

మా దగ్గర కోడళ్లు మామగారి పేరు పలకరు. పేరే కాదు, ఆ పేరులో ఉన్న మాట కూడా నోట రానివ్వరు. తష్ అంటే మా భాషలో రాయి. జూరా కాపురానికి వచ్చిన తొమ్మిదేళ్లలో రాయిని రాయి అనలేదు, 'గట్టిది' అంది. ఇది మా అందరికీ తెలుసు. నాకు ఇద్దరు కోడళ్లున్నారు, నాకు మరీ బాగా తెలుసు. తెలిసి ఏం లాభం? బోర్సోక్‌లు తిని, చేతులు తుడుచుకుని వచ్చేశాం. తలుచుకుంటే నామీద నాకే అసహ్యం వేస్తుంది.

ఆ తర్వాత జనవరిలో ఒక ఆదివారం పొద్దున ఎసెన్ గొర్రెల సంతకు వెళ్లాడు. వాళ్లమ్మ చుట్టాలింట విందుకు వెళ్లింది. పది దాటాక కరెంటు పోయింది. ఇంట్లో జూరా, మంచం మీద మామగారు. ఆయనకు గొంతు పెగిలే స్థితి అప్పటికే లేదు. జూరా పెట్టె ముందు నిలబడి "ఆపు" అంది. "గట్టి అతా" అంది. అతా అంటే నాన్న, మామగారిని అలాగే పిలిచేది. పెట్టె ఊరుకుంది. మిషను ఆగింది. ఎసెన్‌కు ఫోను చేస్తే సంత గోలలో అతనికి వినపడలేదు. మంచులో పరుగెత్తి పక్కింటి తలుపు కొట్టి, ఎవరూ లేకపోతే వెనక్కి వచ్చింది. ఎసెన్ ఇల్లు చేరేసరికి కరెంటు వచ్చేసింది, తండ్రి పోయాడు.

ఖననం నాడు వెళ్లాం. యుర్తా గుడారంలో ఆడవాళ్లు శోకాలు పెడుతున్నారు. జూరా గోడవైపు తిరిగి కూర్చుని, పద్ధతి తప్పకుండా శోకం పెడుతోంది. అత్తగారు వచ్చినవాళ్లందరికీ చెప్పింది.

"అంత గండంలోనూ నా ముసలాడి పేరు నోట రానివ్వలేదమ్మా! కోడలంటే అదీ."

పెద్దవాళ్లు ఒక్కొక్కరే వచ్చి జూరా తలమీద చెయ్యి పెట్టి దీవించారు. నాకు ఏడుపు రాలేదు, ఏమీ రాలేదు. పక్కనున్న ఓముర్‌జాక్ చేతికిచ్చిన టీ తాగకుండా అలాగే పట్టుకుని, చల్లారాక కింద పెట్టాడు. మమ్మల్ని ఎవరూ ఒక్క మాట అనలేదు. తిట్టినా బాగుండేది.

తొమ్మిదో రోజున ఎసెన్ పిలిచి అంతా పీకేయమన్నాడు. అతను పెరట్లో తీగలు చుడుతుంటే మేం లోపల పెట్టె విప్పాం. విప్పేముందు అందులో ఏం జరిగిందో ఫోన్లో చూడడం ఓముర్‌జాక్‌కు అలవాటు. చూసి, ఫోను నాకు ఇచ్చాడు. పది ఇరవై ఒకటికి కరెంటు పోయింది. పది ఇరవై ఆరుకు బరువు ఎక్కువై బ్యాటరీ ఆగింది. పది ముప్పై ఏడుకు ఆజ్ఞ అందింది: తష్తాన్.

అప్పుడు ఇంట్లో గొంతు పెగిలే మనిషి ఒక్కతే.

వెనక కప్పుల చప్పుడైంది. జూరా టీ పట్టుకుని నిలబడి ఉంది. ఓముర్‌జాక్ నా చేతిలోంచి ఫోను లాక్కుని, బొటనవేలితో ఆ వరసంతా చెరిపేశాడు.

"అందులో పడుతుందా అకే, ఎవరేం అన్నదీ?"

"ఏమీ పడదు తల్లీ."

ఆమె కప్పులు కింద పెట్టి పెరటి తలుపు వైపు చూసింది. గొంతు తగ్గించింది.

"ఎంత ఆలస్యం చేశాను?"

ఆయన పెట్టెలోంచి ఒక తీగ ఊడదీశాడు. నావైపు చూడలేదు.

"బ్యాటరీ ముందే చచ్చిపోయింది తల్లీ. నువ్వేం పలికినా ఆ పెట్టె వినేది కాదు. తప్పు మాది."

"విన్నది అకే," అంది జూరా. "నేనలా అన్నానో లేదో విన్నది. మిషను మళ్లీ తిరిగింది. మా ఆయన వచ్చేదాకా, అప్పటికే పోయిన అతా ముక్కులోకి గాలి కొడుతూనే ఉంది."